మైకు మేస్త్రి టీ పిలుపు

మేస్త్రి గొంతు సంగతి ముందు చెప్పుకోవాలి. అది తెలియకపోతే మిగతాదంతా తలా తోకా లేకుండా ఉంటుంది.

ఇనుము కరిగించి మ్యాన్‌హోల్ మూతలూ, పంపుల తొడుగులూ పోతపోసే కార్ఖానా అది. ఒకపక్క కొలిమికి గాలికొట్టే బ్లోయర్ హోరు, ఇంకోపక్క పోతల అంచులు అరగదీసే గ్రైండర్ల గోల. పక్కవాడు చెవిలో నోరుపెట్టి చెప్పినా సగమే అందుతుంది. అలాంటి చోట ఈయన ఈ చివర నోరు తెరిచాడంటే ఆ చివర ఇసుక జల్లిస్తున్నవాడు ఉలిక్కిపడి జల్లెడ వదిలేసేవాడు. మైకు మేస్త్రి అన్న పేరు మొదట ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, కన్నవాళ్ళు పెట్టిన పేరు మాత్రం ఆయనక్కూడా గుర్తుండి ఉండదని అందరూ నవ్వుకునేవాళ్ళు.

ఇంట్లోనూ అదే స్థాయి. ఏళ్ళ తరబడి ఆ హోరులో ఉండి ఉండి చెవులు సగం మొద్దుబారాయి. మెల్లగా చెబుతున్నాననుకునే అరిచేవాడు. "మనింట్లో ఇవాళ కూరేంటో వీధి చివరివాళ్ళకి కూడా తెలిసిపోయింది. వాళ్ళనీ భోజనానికి పిలిచేస్తే ఒక పనైపోతుంది" అని భార్య దెప్పేది.

కార్ఖానాలో ఆయన తిట్లు ఒకరివి ఇంకొకరికి సరిపోయేవి కావు. ఎవరి తిట్టు వాళ్ళకి విడిగా ఉండేది. గ్రైండర్ అతనికి "నీ కళ్ళు అత్తారింట్లో మర్చిపోయి వచ్చావా?" ఇనుము పొయ్యడానికి ఇసుకతో అచ్చులు కట్టేవాళ్ళకి "నువ్వు కట్టిన అచ్చు చూస్తే ఇసుక కూడా సిగ్గుపడుతోంది." ఇసుక జల్లించేవాడికి "జల్లెడ పడుతున్నావా, ఉయ్యాల ఊపుతున్నావా?" తిట్టు పడిందంటే ఆ రోజు అంతా మామూలుగా ఉన్నట్టు లెక్క. ఎప్పుడైనా మేస్త్రికి జలుబుచేసి గొంతు పడిపోతే ఆ రోజు పని కూడా పడకేసేది.

వీళ్ళలో అల్లుడిది వేరే కథ. కొలిమి దగ్గర పనిచేసేవాడికి అల్లుడు అని పేరెందుకంటే, పనిలో చేరిన రోజు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. అప్పుడు మేస్త్రి కూడా కొత్తగా మేస్త్రి అయినవాడే, పెత్తనం చూపించుకోవాలి కదా. గేటు దగ్గరే ఆపి, "ఏరా, పెళ్ళికొచ్చావా, పనికొచ్చావా?" అని గర్జించాడు. కుర్రాడికి కంగారులో నోట్లోంచి ఏం వచ్చిందో తెలీదు, "పనికే, మామా" అనేశాడు. కార్ఖానా మొత్తం విరగబడి నవ్వింది. మామ దొరికాడు కాబట్టి వీడు అల్లుడు. ఇద్దరికీ అయిదారేళ్ళు కూడా తేడా లేదు, అయినా ఆ వరస అలా అతుక్కుపోయింది.

మర్నాటి నుంచి అల్లుడు మసిగుడ్డలాంటి చొక్కాలోనే వచ్చాడు. అయినా మేస్త్రి అదే అడిగేవాడు. "పెళ్ళికొచ్చావా, పనికొచ్చావా?" "పనికే, మామా." ఎండైనా వానైనా, జుట్టు నెరిసినా, ఆ రెండు ముక్కలూ అనుకున్నాకే ఇద్దరికీ తెల్లారినట్టు.

అల్లుడి భార్య పిల్ల చిన్నగా ఉండగానే జబ్బుచేసి పోయింది. ఆ పిల్ల బడి నుంచి నేరుగా మేస్త్రి ఇంటికి వచ్చేది. తండ్రి పని దిగి వచ్చేదాకా మేస్త్రి భార్య దగ్గరే అన్నం, చదువు, నిద్ర. నాన్నకి మామ కాబట్టి లెక్క ప్రకారం తనకి తాతే అని తేల్చి, మేస్త్రిని "మైకు తాతా" అని పిలిచేది. నలభై కూడా నిండని మనిషిని పట్టుకుని తాతా అంటే పైకి చిరాకుపడేవాడు గానీ, ఆ పిలుపు వినడానికే త్వరగా ఇల్లు చేరేవాడు. పిల్లలు లేని ఇల్లది.

ఇక టీ సంగతి.

కరిగిన ఇనుము దగ్గర ఫోన్లుండకూడదని అక్కడ నియమం. అందరూ గేటు పక్క అరల్లో ఫోన్లు పెట్టి లోపలికి వెళ్ళాలి. ఎవరింట్లో ఏం జరిగినా కబురు ఆఫీసుకి వస్తుంది, ఆఫీసువాళ్ళు మేస్త్రికి చెబుతారు, మేస్త్రి ఆ మనిషికి చెప్పాలి. చావు కబుర్లన్నీ అలా ఆయన నెత్తినే పడ్డాయి. ఆ గొంతుతో అలాంటి మాట అందరిముందూ ఎలా అరుస్తాడు? అందుకని దగ్గరికి వెళ్ళి, భుజంమీద చెయ్యి వేసి, చెవి దగ్గర మెల్లగా "టీ తాగొద్దాం రా" అనేవాడు. అంతే. ఎప్పుడూ మెల్లగా మాట్లాడని మనిషి మెల్లగా మాట్లాడాడంటే ఇంకేం చెప్పక్కర్లేదు. ఆ ఇద్దరూ తలుపు దాటేలోపే మిగతావాళ్ళు తలమీద టోపీలు తీసేసేవాళ్ళు, ఎవరో వెళ్ళి గ్రైండర్లు ఆపేసేవాళ్ళు. వినాల్సినవాడు బయటికి వెళ్ళేసరికే సగం విని ఉండేవాడు. మిగతా సగం టీకొట్టు బల్లమీద వినేవాడు. తన తల్లి పోయినప్పుడూ, భార్య పోయినప్పుడూ అల్లుడు కూడా అలాగే విన్నాడు.

ఇదెవరూ కూర్చుని పెట్టిన పద్ధతి కాదు, దానంతటదే ఏర్పడింది.

పాత యజమాని పోయి ఆయన కూతురు పగ్గాలు పట్టిన కొత్తలో ఒక సంగతి జరిగింది. అచ్చులు కట్టే ఒకతను వరసగా నాలుగు అచ్చులు పాడుచేశాడు. మేస్త్రి అందరి ముందూ దులిపేశాడు. అతను చేతిలో పనిముట్టు కిందపెట్టి, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. తర్వాత తెలిసింది, అతని భార్యకి కడుపు పోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక ఊరికే పనికి వచ్చేశాడు. అది విన్న రోజు మేస్త్రి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. "వాడి మొహం నేను చూళ్ళేదే. అచ్చులే చూశాను" అని భార్యతో అన్నాడు. అంత మెల్లగా ఆయన ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు.

అందుకే యజమానురాలు పై ఉద్యోగాలవాళ్ళకి పెట్టించిన శిక్షణ క్లాసుకి వెళ్ళమంటే ఎదురు చెప్పకుండా వెళ్ళాడు. మనిషి మనసు తెలుసుకుని పని చేయించడం ఎలాగన్నది అక్కడ పాఠం. పాఠం చెప్పిన మేడమ్ చెడ్డదేం కాదు, తెలివితక్కువదీ కాదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత ఆవిడని ఆడిపోసుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆవిడ చెప్పినవన్నీ మంచి మాటలే. నలుగురిలో తిట్టకండి, పక్కకి పిలవండి. నిశ్శబ్దంగా ఉన్న చోట కూర్చోబెట్టండి. ఒక కప్పు టీ ఇవ్వండి. గొంతు తగ్గించండి. అవతలి మనిషి చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో అందుకోకండి. మేస్త్రి ఈ మాటల్ని బడిపిల్లాడిలా వల్లెవేశాడు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి మెల్లగా మాట్లాడడం నేర్చుకుంటుంటే భార్య వచ్చి నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని.

తొలి ప్రయోగం గ్రైండర్ అతని మీద. కొన్నాళ్ళుగా పరధ్యానంగా ఉంటున్నాడు కదా అని మేస్త్రి వెళ్ళి, భుజంమీద చెయ్యి వేసి, మెత్తగా "టీ తాగొద్దాం రా" అన్నాడు. ఆయనకి తెలిసిన మెత్తని పిలుపు అదొక్కటే మరి, పాపం. గ్రైండర్ అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఎవరు మేస్త్రీ, అమ్మేనా?" అంటూ అక్కడే కూలబడ్డాడు. వెనక టోపీలన్నీ దిగాయి. గ్రైండర్లు ఆగాయి. అయ్యో కాదురా, మీ అమ్మ గుండ్రాయిలా ఉంది, ఊరికే నీ బాగోగులు కనుక్కుందామని పిలిచానని మేస్త్రి మొత్తుకున్నా నమ్మడు. చివరికి ఆఫీసు నుంచి ఇంటికి ఫోన్ చేయించి, ఆ తల్లి చేత కొడుకుని నాలుగు తిట్టిస్తే గానీ ప్రాణం కుదుటపడలేదు. ఆ రోజంతా కార్ఖానాలో ఒకటే నవ్వులు.

కానీ మేస్త్రి వదల్లేదు. ఆ వెళ్ళిపోయినతని సంగతి మనసులో అంతగా గుచ్చుకుంది. యజమానురాలు పాత సామాన్ల గది ఖాళీ చేయించి రెండు కుర్చీలు, ఒక ఫ్లాస్కు పెట్టించింది. అది టీ గది అయింది. ఇవాళ ఒకడు, రేపు ఇంకొకడు. మొదట్లో గుండెలు చిక్కబట్టుకుని వెళ్ళినవాళ్ళే తర్వాత్తర్వాత అలవాటుపడ్డారు. నిజం చెప్పాలంటే మంచే జరిగింది. గ్రైండర్ అతనికి చెయ్యి తిమ్మిరెక్కుతోందని అక్కడే బయటపడి, వైద్యం చేయించారు. అచ్చుల దగ్గర ఏళ్ళుగా మాటల్లేని ఇద్దరు ఆ గదిలోంచి ఒకే కప్పుతో బయటికి వచ్చారు. వెళ్ళిపోయినతన్ని మేస్త్రి అతనింటికే వెళ్ళి పిలిస్తే రాలేదు గానీ, కూర్చోమని మంచినీళ్ళిచ్చాడు. తిట్లు తగ్గాయి, చేతులు కాల్చుకోవడాలు తగ్గాయి. "నీ టీ అయిందా?" అని ఒకళ్ళనొకళ్ళు అడిగి నవ్వుకునేవాళ్ళు. భుజంమీద చెయ్యిపడితే అదిరిపడడం మానేశారు, టోపీలు తీయడం మానేశారు. ఒక పాత గుర్తు చెరిగిపోయిందని ఎవరికీ తట్టలేదు, మేస్త్రికి కూడా.

టీ గది గడప తొక్కనివాడు అల్లుడొక్కడే. "నాకు నీ టీలొద్దు మామా. మామూలుగా తిట్టు, చాలు" అనేవాడు. అందుకని అతనికి మాత్రం పొద్దుటి గర్జన అలాగే ఉంచాడు మేస్త్రి.

అసలు టీ గదికి రావాల్సినవాడు అల్లుడే. కొలిమి దగ్గర పనంతా కంటితోనే. కరిగిన ఇనుము రంగు చూసి, ఇప్పుడు పొయ్యొచ్చు, ఇంకా ఆగాలి అని చెప్పాలి. ఇన్నేళ్ళ వేడికి అల్లుడి కళ్ళు మసకబారాయి. ఈమధ్య రెండు పోతలు చెడ్డాయి. ఇంకోసారి తప్పితే పోయేది ఇనుమే కాదు, పక్కనున్నవాళ్ళ కాళ్ళూ చేతులూ. కొలిమి నుంచి తప్పుకోమని అతనికి చెప్పాలి. ఎలా చెప్పాలో తెలీక మేస్త్రి రోజూ వాయిదా వేస్తున్నాడు.

ఆ మాట మొదట చెప్పింది అల్లుడి కూతురు. చదువై, పక్క పట్నంలో నీటి మీటర్లు బిగించే కంపెనీలో ఉద్యోగం. స్కూటర్ మీద వీధి వీధీ తిరిగే పని. వచ్చినప్పుడల్లా తండ్రి గ్లాసు కోసం బల్లంతా తడుముకోవడం చూసింది. చాలు నాన్నా, మానేసి నా దగ్గరికి వచ్చేయ్ అంది. అల్లుడికి ఎక్కడ కాలిందో, "నన్ను సాకేంతదానివి అయిపోయావా?" అన్నాడు. ఆ పిల్లకీ ఆ తండ్రి రోషమే కదా, సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ తను కొనుక్కొచ్చిన తెల్లచొక్కా మంచంమీద పెట్టిపోయింది. అప్పటినుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. మేస్త్రి దంపతులు ఇటు నచ్చజెప్పీ, అటు నచ్చజెప్పీ అలిసిపోయారు. ఫోన్ చేస్తే "మైకు తాతా, నాన్న చేస్తే ఎత్తుతాను, నువ్వు రాయబారాలు చెయ్యకు" అనేది ఆ పిల్ల.

ఆ రోజు పోతకి ఇంకా టైముంది. ఆఫీసు గుమస్తా వచ్చి కళ్ళతోనే రమ్మన్నాడు. లోపల యజమానురాలు ఫోన్ పక్కన నిలబడి ఉంది. పట్నం నుంచి కబురు. పొద్దున అల్లుడి కూతురు స్కూటర్ మీద పనికి వెళ్తుంటే మలుపులో లారీ గుద్దింది. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. ఆ పిల్లతో పనిచేసేవాళ్ళు ఫోన్ చేశారు.

మేస్త్రి గోడ పట్టుకున్నాడు. నేను చెప్పనా అని యజమానురాలు అడిగితే తల అడ్డంగా ఊపాడు. కారు గేటు దగ్గర పెట్టించండి, ఈ మాట నేనే చెప్పాలి అన్నాడు.

కొలిమి దగ్గరికి వెళ్ళాడు. అల్లుడు నీలిరంగు కళ్ళద్దాలు నుదుటిమీదికి ఎత్తుకుని, మంటలోకి కళ్ళు చికిలించి చూస్తున్నాడు. మేస్త్రి భుజంమీద చెయ్యి వేశాడు. చెవి దగ్గరికి వంగి, "టీ తాగొద్దాం రా" అన్నాడు.

అల్లుడు నవ్వాడు. చేతితొడుగులు తీసి బల్లమీద పడేసి, "నా వంతు వచ్చేసిందన్నమాట. పద. ఇవాళ నేనే వద్దామనుకుంటున్నా" అన్నాడు. అచ్చులవాళ్ళు ఈలలు వేశారు. అల్లుడుగారు అలక మానేశారర్రా అని ఎవడో అరిచాడు. గ్రైండర్లు తిరుగుతూనే ఉన్నాయి. ఒక్క టోపీ దిగలేదు. మేస్త్రి వెనక్కి తిరిగి ఆ మొహాలన్నీ చూశాడు, ఎవరైనా అర్థం చేసుకుంటారేమోనని. ఎవరికీ అర్థం కాలేదు.

టీ గదిలో కుర్చీ లాక్కుని అల్లుడే ఫ్లాస్కు ఎత్తి రెండు కప్పుల్లో పోశాడు. తడుముకుంటూ పోశాడు, కొంచెం బల్లమీద ఒలికింది. "చూశావుగా, ఇదీ నా సంగతి" అని మొదలుపెట్టాడు. పసుపూ నారింజా తనకి ఒకటిగానే కనబడుతున్నాయట. చెడిపోయిన పోతలు రెండూ తన తప్పేనని తనకి తెలుసట. నువ్వు చెప్పలేక చస్తున్నావని కూడా తెలుసు మామా అన్నాడు.

"అల్లుడూ" అన్నాడు మేస్త్రి.

"ఆగు మామా, పూర్తిగా చెప్పనీ. మధ్యలో అందుకోకూడదని మీ మేడమే చెప్పిందటగా."

మేస్త్రి ఆగాడు. అద్దం ముందు నేర్చుకున్నదంతా ఆ క్షణాన వచ్చి గొంతుకి అడ్డంపడింది.

అల్లుడు చెబుతూనే ఉన్నాడు. ఏళ్ళ తరబడి పేరుకున్నదంతా పెల్లుబికి వస్తోంది. భార్య పోయాక పిల్లని ఎలా పెంచాలో తెలీక కొలిమి ముందు నిలబడి ఏడ్చేవాడట, చెమటనుకుంటారని. ఆ పిల్ల తనని సాకుతానంటే కోపం రాలేదట, భయం వేసిందట. కొలిమి లేకపోతే తనెవరు? కానీ రాత్రి అంతా ఆలోచించాక నవ్వొచ్చిందట. కొలిమి లేకపోతే తండ్రి, అంతేగా. ఆదివారం వెళ్ళిపోతున్నాడు. తెల్లచొక్కా ఇంకా మడత కూడా విప్పలేదు, అదే వేసుకుని వెళ్తాడు. గుమ్మంలో అలా నిలబడితే ఆ పిల్ల మొహం ఎలా ఉంటుందో చూడాలి.

"సాయంత్రం ఫోన్ చేస్తా. మొదటిసారి ఎత్తదు, నాకు తెలుసు. రెండోసారి ఎత్తి తిట్టిపోస్తుంది. తిట్టనీ. ఎవరి చేతుల్లో పెరిగింది, మైకు తాత మనవరాలు కదా" అని పకపకా నవ్వాడు. అంతగా నవ్వడం మేస్త్రి ఎన్నాళ్ళకో చూశాడు. కప్పు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఇప్పుడు చెప్పు మామా, మాట్లాడవేం అన్నాడు.

మేస్త్రి కప్పు ముట్టుకోలేదు. దానిమీద మీగడ కట్టింది. నోరు తెరిచాడు. అరవలేడు. మెల్లగా చెబుదామంటే, ఆ మెత్తదనమంతా చెయ్యి తిమ్మిర్లకీ చిన్న చిన్న అలకలకీ ఖర్చైపోయింది. చివరికి ఆయనకి దొరికిన మాట ఇది.

"అల్లుడూ, ఇది ఆ టీ కాదురా. పాత టీ."

అల్లుడి మొహంలో నవ్వు వెంటనే పోలేదు. కాసేపు అలాగే ఉంది, పోవడం తెలీనట్టు. ఎవరు అని అడగలేదు. అడగడానికి అతనికి ఉన్నది ఒక్కరే.

కారు దాకా నడిపించుకుని వెళ్తుంటే కార్ఖానాలో అప్పటికి తెలిసిపోయింది. గ్రైండర్లు ఒక్కొక్కటే ఆగాయి. కారు తలుపు దగ్గర అల్లుడు ఆగి, మేస్త్రి మొహంలోకి, ఆ మసక కళ్ళతోనే, బాగా దగ్గరగా వచ్చి చూశాడు.

"నేను నవ్వుతున్నప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

అల్లుడు తన భుజంమీదున్న చేతిని తీసి పక్కన పెట్టాడు. విసిరికొట్టలేదు, మామూలుగా ఒక వస్తువుని జరిపినట్టు జరిపాడు. కారులో ముందు కూర్చున్నాడు. మేస్త్రి వెనక సీట్లో, దారి పొడుగునా ఆ తల వెనక భాగం చూస్తూ వెళ్ళాడు.

అంత్యక్రియలన్నీ అయిపోయాక కూడా అల్లుడు ఏడవలేదు, మాట్లాడలేదు. వచ్చినవాళ్ళందరూ మెల్లగా మాట్లాడారు. యజమానురాలు మెల్లగా మాట్లాడింది. ఆ మేడమ్ కూడా సంగతి విని వచ్చి, ఏమీ మాట్లాడకుండా కాసేపు కూర్చుని వెళ్ళింది, అదే నయం. మేస్త్రి రోజూ సాయంత్రం వెళ్ళేవాడు. అల్లుడు లోపల గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు. ఈయన మెట్టుమీద కూర్చుని, భార్య పంపిన అన్నం గిన్నె గడప లోపల పెట్టి, చీకటిపడే ముందు లేచి వచ్చేసేవాడు. మర్నాడు గిన్నె కడిగి అదే చోట ఉండేది.

"నవ్వనిచ్చాను. ఆ కాసేపైనా నవ్వనీ అనుకున్నానో, చెప్పే ధైర్యం చాలలేదో, నాకే తెలీడంలేదు" అని భార్య దగ్గర వాపోయాడు. ఆవిడ ఆ పిల్ల చిన్నప్పటి జడ రిబ్బన్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కార్ఖానాలో టీ గది మూతపడింది. ఎవరూ మూయమనలేదు, ఎవరూ వెళ్ళలేదంతే. మేస్త్రి తిట్టడం కూడా మానేశాడు. ఏం చెప్పాలన్నా దగ్గరికి వెళ్ళి చేత్తో చూపించేవాడు. మైకు మూగబోయిందని అనుకున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అలా ఉండగా ఒక పొద్దున, పని మొదలైన చాలాసేపటికి, గేటు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. అల్లుడు. ఒంటిమీద తెల్లచొక్కా. కొత్తది, మడతల గీతలు ఇంకా పోలేదు. గడ్డం పెరిగి, మనిషి సగమయ్యాడు.

ఒక్కొక్కరే పని ఆపారు. గ్రైండర్లు ఆగాయి, ఎవరో బ్లోయర్ కూడా కట్టేశారు. గ్రైండర్ అతను దగ్గరికి వెళ్ళి మెత్తగా, లోపలికి రా అన్నా, కూర్చో అన్నాడు. అచ్చులవాళ్ళు మంచినీళ్ళు తెచ్చారు. ఎవరు ఏమన్నా చప్పుడు కాకుండా అంటున్నారు. అల్లుడు గేటు దాటి ఒక్క అడుగు వెయ్యలేదు. ఆ జనంలో దేన్నో వెతుకుతున్నట్టు కళ్ళు చికిలించి చూస్తున్నాడు. మేస్త్రి కనబడగానే ఆ చూపు ఆగిపోయింది.

మేస్త్రి కూడా చూశాడు. ఈసారి ఆ మొహం చూశాడు. ఆ తెల్లచొక్కా చూశాడు, ఎక్కడికి వెళ్ళడానికి దాచిన చొక్కానో తెలిసీ చూశాడు. ఆ మనిషి దేనికోసం అక్కడ నిలబడ్డాడో ఆయనకి తెలిసిపోయింది. ఆ మాట ఇవాళ ఎలా అనడం? కూతురు కొన్న చొక్కాలో నిలబడ్డ తండ్రిని పట్టుకుని ఏ నోటితో అనడం?

ఊపిరి పీల్చుకున్నాడు. ఇన్నాళ్ళూ వాడని గొంతు, మొదట గాలే వచ్చింది. మళ్ళీ పీల్చుకున్నాడు.

"ఏరా అల్లుడూ! పెళ్ళికొచ్చావా, పనికొచ్చావా?"

కార్ఖానా కప్పు అదిరింది. సగంలో గొంతు చీలింది, అయినా చివరిదాకా లాగాడు. మంచినీళ్ళు పట్టుకున్నవాడి చేతిలోంచి గ్లాసు జారిపడింది. ఈయనకి మతిపోయిందనుకున్నారు అందరూ.

అల్లుడి పెదాలు కదిలాయి. మొదటిసారి మాట బయటికి రాలేదు. రెండోసారి వచ్చింది.

"పనికే, మామా."

గేటు దాటి లోపలికి వచ్చాడు. కొలిమివైపు చూడనైనా చూడలేదు, నేరుగా ఇసుక కుప్ప దగ్గరికి నడిచి జల్లెడ అందుకున్నాడు. ఒకసారి ఊపాడు. రెండోసారి ఊపబోతే చేతులు ఆగిపోయాయి. ఆ తెల్లచొక్కాతోనే ఇసుకలో కూలబడి, జల్లెడని గుండెకి అదుముకుని, తల్లీ అని ఒక్క కేక పెట్టాడు. అన్నాళ్ళుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

నలుగురు అటు పరుగెత్తబోయారు. మేస్త్రి అడ్డంగా నిలబడ్డాడు, అల్లుడికి వీపు పెట్టి, వాళ్ళకి మొహం పెట్టి.

"ఏంటా చూపులు? ఇక్కడేమైనా బొమ్మలాడుతున్నాయా? గ్రైండర్లు ఎవరు ఆపమన్నారు? వెయ్యండి. బ్లోయర్ వెయ్యండి. అన్నీ వెయ్యండి!"

అన్నీ వేశారు. హోరు లేచింది. మనిషి ఏడుపు ఆ హోరులో మునిగిపోయింది. మేస్త్రి అక్కణ్ణుంచి కదల్లేదు. ఒక్కొక్కణ్ణీ పేరుపేరునా, ఎవరి తిట్టు వాళ్ళకి, గ్రైండర్ అతని అత్తారిల్లు దగ్గర్నుంచి అచ్చులవాళ్ళ ఇసుక సిగ్గుదాకా అందుకున్నాడు. కళ్ళనీళ్ళు గడ్డంమీదుగా కారిపోతున్నా తుడుచుకోలేదు. తిట్లు అయిపోతే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. వాళ్ళు తలలు వంచుకుని పని చేస్తూ తిట్లు తిన్నారు. వెనక జల్లెడ మళ్ళీ కదిలిందని గ్రైండర్ అతను కళ్ళతో సైగ చేసేదాకా ఆయన తిడుతూనే ఉన్నాడు.